ఉషస్తి తిన్నదేమిటి, వద్దన్నదేమిటి? – ఆస్పత్రి గదిలో నేర్చుకున్న పాఠం



మన ఆదివారం స్వాధ్యాయానికి వచ్చేవారికి ఛాందోగ్యోపనిషత్తు మొదటి అధ్యాయంలోని ఉషస్తి చాక్రాయణుడి కథ తెలిసే ఉంటుంది. మేమిద్దరం, అన్నాచెల్లెళ్ళం, ఆ కథ రెండుసార్లు విన్నాం. విని మరిచిపోయాం కూడా. కిందటి సంవత్సరం మా నాన్నగారికి క్లోమగ్రంథిలో క్యాన్సర్ అని తేలి, పెద్ద ఆపరేషన్ జరిగి, పదకొండు రోజులు ఆస్పత్రిలో ఉన్నప్పుడు అదే కథ ఆయన నోట మళ్ళీ విన్నాం. ఈసారి మరిచిపోలేదు. స్వాధ్యాయం పెద్దలు రాయమని అడిగారు కనుక, పాఠాన్నీ మా అనుభవాన్నీ కలిపి ఇక్కడ పెడుతున్నాం. ఇది వైద్య సలహా కాదు. మీ డాక్టరును ఏమేం అడగాలో తెలిస్తే చాలునని మా ఉద్దేశం.

కథ

కురుదేశంలో పంటలన్నీ వడగళ్ళకు నాశనమయ్యాయి. ఉషస్తి అనే విద్వాంసుడు భార్యతో కలిసి ఏనుగుల వాళ్ళుండే ఊరికి చేరి, తిండి లేక అలమటిస్తున్నాడు. ఒక మావటి ఉడికించిన గింజలు తింటుంటే చూసి, కాస్త పెట్టమన్నాడు. నేను తింటున్నవి తప్ప వేరే లేవన్నాడు మావటి. వాటిలోనే పెట్టమన్నాడు ఉషస్తి. పెట్టాక మావటి నీళ్ళు కూడా ఇవ్వబోయాడు. అవి ఎంగిలి నీళ్ళు, వద్దన్నాడు ఉషస్తి. మరి గింజలు ఎంగిలివి కావా అని మావటి అడిగాడు. అవి తినకపోతే బతకను, నీళ్ళు నాకు మరోచోట దొరుకుతాయి అన్నాడు ఉషస్తి.

తిన్నాక మిగిలినవి భార్యకు తెచ్చి ఇచ్చాడు. ఆమెకు అప్పటికే భిక్ష దొరికింది. ఆమె వాటిని దాచిపెట్టింది. మర్నాడు ఆ దాచినవి తిని, ఒంట్లో కాస్త శక్తి వచ్చాక, ఉషస్తి రాజుగారి యజ్ఞానికి వెళ్ళాడు. అక్కడి ఋత్విక్కులను, మీరు పాడుతున్న సామభాగాలకు దేవతలెవరో తెలుసా అని అడిగాడు. వాళ్ళు జవాబు చెప్పలేక ఊరుకున్నారు. తరువాత ఆయనే చెప్పాడు: ఒకదానికి ప్రాణం, ఒకదానికి ఆదిత్యుడు, ఒకదానికి అన్నం.

ఆకలితో చావుకు దగ్గరగా వెళ్ళి వచ్చిన మనిషి చెప్పిన మూడు పేర్లివి. ఆస్పత్రిలో మాకు పనికొచ్చినవీ ఈ మూడే.

మొదటిది ప్రాణం

నాన్నగారికి జరిగిన ఆపరేషన్‌ను విప్పుల్ అంటారు. 1935లో న్యూయార్క్ సర్జన్ ఆలెన్ విప్పుల్ ఈ పద్ధతిని ప్రచురించాడు కాబట్టి ఆ పేరు వచ్చింది. క్లోమం తల భాగం, చిన్నపేగు మొదటి భాగం, పిత్తాశయం, పిత్తనాళంలో కొంత తీసేసి, మిగిలిన వాటిని మళ్ళీ పేగుకు కలుపుతారు. చాలా గంటలు పడుతుంది. బయటికి వచ్చేసరికి ముక్కులో ఒక గొట్టం, పొట్ట పక్కన డ్రెయిన్లు, మూత్రానికి ఒక గొట్టం, కాళ్ళకు గాలి నింపి వదిలే పట్టీలు ఉన్నాయి. చూడగానే మాకు గుండె జారిపోయింది. ఒక్కొక్కటీ ఎందుకుందో, ఎప్పుడు తీస్తారో నర్సును అడిగి కాగితం మీద రాసుకున్నాం. తీసేసినప్పుడల్లా ఒక గీత కొట్టాం. ఆ కాగితమే మాకు ధైర్యం.

మర్నాడు పొద్దున్నే నాన్నగారిని లేపి కుర్చీలో కూర్చోబెట్టారు. సాయంత్రానికి నాలుగడుగులు వేయించారు. నిన్న కోసిన మనిషిని ఇవాళ నడిపిస్తారా అని మా అమ్మ గొడవ పడింది. ఇది కరుణ లేక కాదు. ఆపరేషన్ తరువాత మంచంలోనే పడుకోబెట్టే పాత అలవాటు మంచికన్నా చెడు ఎక్కువ చేస్తోందని 1990లలో డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కెలెట్ చూపించాడు. త్వరగా లేపడం, త్వరగా ఆహారం మొదలుపెట్టడం, నొప్పిని సరిగా అదుపు చేయడం అనే పద్ధతి అక్కడి నుంచి ప్రపంచమంతా పాకింది. కదలకపోతే కాళ్ళలో రక్తం గడ్డకట్టవచ్చు, ఊపిరితిత్తుల అడుగున కఫం చేరి న్యుమోనియా రావచ్చు.

అందుకే మంచం పక్కన ఒక ప్లాస్టిక్ పరికరం పెడతారు. పేరు ఇన్సెంటివ్ స్పైరోమీటర్. మెలకువగా ఉన్నప్పుడు గంటకు పదిసార్లు నెమ్మదిగా, లోతుగా గాలి పీల్చాలి. నాన్నగారికి అది పిల్లల ఆటవస్తువులా అనిపించి పక్కన పెట్టేశారు. ఇది పూరకం, నిదానంగా చేయండి అని చెప్పాక రోజూ ప్రాణాయామం చేసే మనిషి కనుక పట్టుకున్నారు. దగ్గేటప్పుడు పొట్టకు దిండు గట్టిగా అదుముకోవాలి, కుట్ల మీద భారం తగ్గుతుంది.

ఇక నొప్పి. నర్సు వచ్చి సున్నా నుంచి పది వరకు ఎంత అని అడిగితే నాన్నగారు ప్రతిసారీ రెండు అనేవారు. ముఖం చూస్తే ఎనిమిది. నొప్పి ఓర్చుకోవడం తపస్సని మన పెద్దల నమ్మకం. కానీ నొప్పి ఉన్నవాళ్ళు లోతుగా ఊపిరి తీయరు, దగ్గరు, నడవరు. కోలుకోవడమే ఆగిపోతుంది. ఈ మాట డాక్టరు చెప్పాక నిజం అంకె చెప్పడం మొదలుపెట్టారు. నొప్పి మందుకు చేతికి బటన్ ఇస్తే దాన్ని రోగి తప్ప ఎవరూ నొక్కకూడదు. ప్రేమతో కూడా నొక్కకూడదు. మత్తులో ఉన్నవారు తామే నొక్కలేరు, ఆ పరికరంలో ఉన్న రక్షణ అదే. పక్కవాళ్ళు నొక్కితే ఊపిరి మందగించే ప్రమాదం ఉంది.

రెండోది ఆదిత్యుడు

మూడో రాత్రి నాన్నగారు మమ్మల్ని గుర్తుపట్టలేదు. తాను లెక్కల మాస్టారుగా పనిచేసిన బడిలో ఉన్నాననుకున్నారు. గంట కొట్టేశారు, పిల్లల్ని పంపించండి అంటూ ముక్కులో గొట్టం లాగబోయారు. మెదడుకేదో అయిపోయిందని, నాన్నగారు ఇక మాకు లేరని అనుకున్నాం. ఆ రాత్రి కన్నా కష్టమైన రాత్రి మాకు లేదు.

దీన్ని డెలీరియం అంటారని నర్సు చెప్పింది. పెద్ద వయసువారికి పెద్ద ఆపరేషన్ తరువాత ఇది తరచుగా వస్తుంది. పిచ్చి కాదు, మతిమరుపు జబ్బు కాదు. ఉన్నట్టుండి మొదలై, పొద్దున తగ్గి, రాత్రి పెరిగి, రకరకాలుగా మారుతుంది. ఇన్ఫెక్షన్, కొన్ని మందులు, నిద్ర లేకపోవడం, మలబద్ధకం, మూత్రం ఆగిపోవడం దీనికి కారణాలు కావచ్చు. అందుకే కనిపించిన వెంటనే నర్సుకు చెప్పాలి. ఊరికే మగతగా, మాట్లాడకుండా పడి ఉండటం కూడా దీని లక్షణమే కావచ్చు. అది ఇంట్లోవాళ్ళకే ముందు తెలుస్తుంది.

దీన్ని రాకుండా చూసేందుకు యేల్ విశ్వవిద్యాలయంలో డాక్టర్ షారన్ ఇనోయె బృందం ఒక పద్ధతి రూపొందించింది. డెబ్బై ఏళ్ళు దాటిన రోగుల మీద చేసిన ఆ అధ్యయనం 1999లో వచ్చింది. మామూలు వైద్యంలో వందకు 15 మందికి డెలీరియం వస్తే, ఈ పద్ధతిలో సుమారు 10 మందికే వచ్చింది. చేసినవన్నీ చిన్న పనులే: కళ్ళద్దాలు, వినికిడి యంత్రం పెట్టడం, నీళ్ళు తాగించడం, నడిపించడం, రాత్రి నిద్ర పాడుచేయకపోవడం, ఈ రోజు ఏ రోజు, మనం ఎక్కడున్నాం అని చెబుతూ ఉండటం.

కళ్ళద్దాలు మా కారులో ఉండిపోయాయి! పొద్దున్నే తెచ్చి పెట్టాం. కిటికీ తెర తీశాం. ఎండ మంచం మీద పడేలా కుర్చీ జరిపాం. ఎదురుగా వారం, తేదీ తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి అంటించాం. రాత్రి దీపాలు ఆర్పి, టీవీ కట్టేశాం. పక్కన కూర్చుని తెలుగులోనే మాట్లాడాం. రెండు రోజుల్లో మబ్బు వీడింది. సంధ్యావందనం మంచంలోనే మానసికంగా చేసుకుంటానన్నారు. అప్పుడు మాకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

ఇక్కడ దుబాసీ సంగతి చెప్పాలి. 1964 నాటి పౌరహక్కుల చట్టం, 2010 నాటి ఆరోగ్య చట్టం ప్రకారం, ప్రభుత్వ నిధులు తీసుకునే ఆస్పత్రులు ఇంగ్లీషు సరిగా రానివారికి అర్హుడైన దుబాసీని ఉచితంగా ఏర్పాటు చేయాలి. తెలుగు దుబాసీలు ఫోనులోనో తెర మీదో దొరుకుతారు. నాన్నగారు ఇంగ్లీషు పేపరు చదవగలరు కానీ ఇక్కడి మాట తీరు అందదు. మేమున్నాం కదా, మాకొద్దు అన్నాం మొదట. అది మా తప్పు. ఎందుకు తప్పో ఇప్పుడు చెబుతాం.

మూడోది అన్నం

మొదట నోటికి ఏమీ ఇవ్వరు. తరువాత పలుచని ద్రవాలు. ట్రేలో వచ్చినవి కోడి రసం, జెల్లీ. శాకాహారి అని చేరేటప్పుడే రాయించినా సరిపోలేదు. జెల్లీలో జంతువుల నుంచి తీసిన జెలటిన్ ఉంటుందని విడిగా చెప్పాల్సి వచ్చింది. కూరగాయల రసం, ఆపిల్ రసం అడిగితే ఇచ్చారు. తరువాత డాక్టరు అనుమతితో ఇంటి నుంచి పలుచని గంజి, కారం లేని చారు తీసుకెళ్ళాం. అడగకుండా ఏదీ తీసుకెళ్ళకండి. కొత్తగా కలిపిన పేగు ఎప్పుడు దేనికి సిద్ధమో సర్జనుకే తెలుస్తుంది. ఈ ఆపరేషన్ తరువాత పొట్ట ఖాళీ కావడం ఆలస్యమయ్యి, వాంతులు కావడం తరచు జరిగేదే. పసుపు మాత్రలు, చేపనూనె మాత్రలు, ఆయుర్వేద మందులు వాడుతుంటే అవీ ముందే చెప్పాలి. కొన్ని రక్తం పలుచబడేలా చేస్తాయి.

ఆరో రోజు ఆహార నిపుణురాలు మమ్మల్ని వరండాలోకి పిలిచి చెప్పింది. క్లోమంలో కొంత పోయింది కాబట్టి అన్నం అరగడానికి కావలసిన ఎంజైములు చాలవు, ఇక ప్రతి భోజనంతో గొట్టాల మాత్రలు వేసుకోవాలి. అవి పంది క్లోమం నుంచి తీసినవి. అమెరికాలో ఆమోదం పొందిన ఈ రకం మందులన్నీ అవే.

నాన్నగారు పుట్టినప్పటి నుంచి గుడ్డు కూడా ముట్టని మనిషి. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. చెప్పొద్దు అనుకున్నాం. చెబితే వేసుకోరు, వేసుకోకపోతే తిన్నది ఒంటబట్టదు, బరువు తగ్గిపోతారు, ఎ, డి, ఇ, కె విటమిన్లు అందవు. తెలియకుండా తింటే దోషం లేదని మాకు మేమే సమాధానం చెప్పుకున్నాం. మూడు రోజులు అరుగుదల మాత్రలని చెప్పి వేయించాం.

తొమ్మిదో రోజు మందుల వివరాలు చెప్పడానికి ఫార్మసిస్టు వచ్చింది. ఆస్పత్రి నియమం కనుక తెర మీద తెలుగు దుబాసీని పిలిచింది. ఆయన తన పని తాను చేశాడు. విన్న ప్రతి మాటా తెలుగులో చెప్పాడు. పంది అన్న మాట కూడా.

నాన్నగారు ఏమీ అనలేదు. ఫార్మసిస్టుకు నమస్కారం పెట్టారు. ఆమె వెళ్ళాక, “మీకు ముందే తెలుసా?” అని మాత్రం అడిగారు. తెలుసన్నాం. ఆ పూట భోజనం ముట్టలేదు.

రాత్రి పొద్దుపోయాక మమ్మల్నిద్దరినీ మంచం దగ్గరికి పిలిచి ఉషస్తి కథ చెప్పారు. చివర ఇలా అన్నారు: “ఉషస్తికి అది ఎంగిలని తెలుసు. తెలిసి అడిగాడు. తెలిసి తిన్నాడు. నీళ్ళు వద్దన్నాడు. గింజలు ఎందుకో, నీళ్ళెందుకు కాదో ఆయన లెక్క ఆయనకుంది. అందుకే అది ఆపద్ధర్మం అయింది. మీరు నాకు తెలియకుండా పెట్టారు. అది నా ధర్మం కాదర్రా, మీ భయం.”

మేము క్షమించమన్నాం. కాసేపాగి ఆయనే, “మాత్రలు వేసుకుంటాను. అవి లేకపోతే అన్నం ఒంటబట్టదని ఆవిడ చెప్పింది కదా. ఆ జెల్లీ మాత్రం నా దగ్గరికి తేవొద్దు. దానికి బదులు ఇంకోటి దొరుకుతుంది” అన్నారు.

గింజలు, నీళ్ళు. రెండు వేల ఏళ్ళు దాటిన కథ ఆ మంచం మీద మా కళ్ళముందు మళ్ళీ జరిగింది.

పాఠంలోని మాట

ప్రాణం పోయే పరిస్థితిలో ఆహార నియమానికి సడలింపు ఉందని బ్రహ్మసూత్రాలు మూడో అధ్యాయం నాలుగో పాదంలో చెబుతాయి. దానికి శంకరాచార్యులవారు చూపే ఆధారం ఈ ఉషస్తి కథే. ఆపద ఉన్నంతవరకే సడలింపు, ఆపద లేనిచోట నియమం నియమమే. ఇందులో మేము గమనించకుండా వదిలేసింది ఒకటుంది. ఆపదలో ఉన్న మనిషే ఆ నిర్ణయం తీసుకోవాలి. తైత్తిరీయం తల్లిదండ్రులను దైవంగా చూడమంది. దేవుడికి నైవేద్యం పెట్టేటప్పుడు ఏం పెడుతున్నామో చెప్పే పెడతాం కదా.

మరొకరి తల్లిగారు ఇదే స్థితిలో వద్దనుకోవచ్చు. అదీ ఆమె లెక్కే. అలాంటప్పుడు వద్దంటే ఏమవుతుందో డాక్టరు చేత తెలుగులో వివరంగా చెప్పించాలి. కొన్నిటికి ప్రత్యామ్నాయం ఉంటుంది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ పంది పేగు నుంచి వస్తుంది. దానికి బదులు ఫాండాపారినక్స్ అనే కృత్రిమ మందు ఉంది, అది తమకు తగునా అని అడగవచ్చు. ఎంజైములకు అలాంటిది లేదు. ఆ మాత్రలు భోజనం మొదటి ముద్దతో వేసుకోవాలి, నమలకూడదు. మలం జిడ్డుగా నీళ్ళ మీద తేలుతుంటే మోతాదు చాలడం లేదని గుర్తు.

ఇంటికి వచ్చాక

ఇంటికి వచ్చిన మూడో రోజు, శుక్రవారం సాయంత్రం, పాథాలజీ రిపోర్టు ఫోనులోకి వచ్చింది. ఇప్పటి చట్టం ప్రకారం రిపోర్టులు డాక్టరు చూడకముందే రోగి ఖాతాలోకి వచ్చేస్తాయి. సోమవారం దాకా దాచుదామా అన్న ఆలోచన మళ్ళీ వచ్చింది. ఈసారి దాచలేదు. రిపోర్టు వచ్చింది, ఇప్పుడే చూస్తారా, సోమవారం డాక్టరుతో కలిసి చూస్తారా అని అడిగాం. ఇప్పుడే చదవమన్నారు. కోసిన అంచుల్లో క్యాన్సర్ లేదు, రెండు గ్రంథుల్లో ఉంది. కీమోథెరపీ తప్పదని అర్థమైంది. మాకన్నా ఆయనే నిబ్బరంగా ఉన్నారు.

నాన్నగారిది భీమవరం దగ్గర పల్లె. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి సంగతి ఆయనే గుర్తుచేశారు. న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌తోనే సిడ్నీ ఫార్బర్ బోస్టన్‌లో పిల్లల రక్త క్యాన్సర్‌ను తాత్కాలికంగానైనా తగ్గించగలిగాడు. ఆ ఫలితాలు 1948లో వచ్చాయి, అదే ఏడు సుబ్బారావుగారు పోయారు. “మా ఊరివాడు మొదలుపెట్టిన వైద్యానికి నేను భయపడితే ఎలా?” అన్నారు నాన్నగారు.

ఇంట్లో ఇలాంటి అవసరం వచ్చినవారికి మరికొన్ని మాటలు:

ఆపరేషన్‌కు ముందే, తాను చెప్పలేని స్థితి వస్తే ఎవరు నిర్ణయించాలో పెద్దవారి చేత కాగితం మీద రాయించండి. అపశకునం అనుకోకండి. యజ్ఞోపవీతం, మంగళసూత్రం గురించి ముందే అడగండి. లోహం తీయమంటే పసుపుతాడు ఉంచనిస్తారేమో కనుక్కోండి. ఆక్సిజన్ ఉన్నచోట దీపం, అగరొత్తి వెలిగించకూడదు. బ్యాటరీ దీపం చాలు.

తల్లిదండ్రుల సేవకు 1993 నాటి కుటుంబ సెలవు చట్టం కింద అర్హులకు పన్నెండు వారాలు జీతం లేని సెలవు ఉంటుంది. అత్తమామలకు ఆ చట్టం వర్తించదు, కనుక ఎవరు సెలవు పెట్టాలో ముందే ఆలోచించుకోండి. గ్రీన్‌కార్డు మీద ఉన్న పెద్దలు, 65 దాటి, ఐదేళ్ళు వరుసగా ఇక్కడ ఉంటేనే మెడికేర్ కొనుక్కోగలరు. సందర్శకుల ఇన్సూరెన్సు పాత జబ్బులకు చాలావరకు పనికిరాదు. లాభాపేక్ష లేని ఆస్పత్రులకు ఆర్థిక సహాయ విధానం తప్పనిసరిగా ఉండాలి. బిల్లు చూసి బెదిరిపోయే ముందు ఆ దరఖాస్తు అడగండి.

ఇంట్లో జ్వరం 101 దాటినా, గాయం ఎర్రబడి చీము పట్టినా, వాంతులు ఆగకపోయినా, కాలు వాచినా, మాట తికమకగా ఉన్నా వెంటనే ఆస్పత్రికి ఫోను చేయండి. ఆయాసం, గుండెనొప్పి అయితే 911.

దాచిపెట్టిన గింజలు

ఈ కథలో ఉషస్తి భార్యను అందరూ మరిచిపోతారు. తెచ్చినవన్నీ ఆ రోజే అయిపోనీయకుండా రేపటికి దాచింది ఆమె. మర్నాటి యజ్ఞానికి వెళ్ళే బలం అక్కడి నుంచే వచ్చింది. మా ఇంట్లో ఆ పని చేసింది అమ్మ. మేము మూడో రోజుకే అలసిపోయి ఒకరి మీద ఒకరం విసుక్కుంటుంటే, ఒకరు పగలు, ఒకరు రాత్రి అని వంతులు వేసి, ఇద్దరినీ బలవంతంగా ఇంటికి పంపి నిద్రపుచ్చింది. సేవ చేసేవారి నిద్ర కూడా దాచుకోవలసిన గింజలే.

ఇరుగుపొరుగు సభ్యులు వాకిట్లో పెట్టి వెళ్ళిన పెరుగన్నం డబ్బాలను మేము మరిచిపోలేం. అలా సాయం చేయాలనుకునేవారు ముందు ఫోను చేసి ఏం కావాలో అడగండి. జలుబు ఉంటే రాకండి. వస్తే పది నిమిషాలు కూర్చోండి, ఫలానావారికి ఇలాగే వచ్చి పోయారన్న కథలు చెప్పకండి.

నాన్నగారి కీమో ఇంకా నడుస్తోంది. ప్రతి పూటా మొదటి ముద్దకు ముందు మాత్ర చేతిలో పెట్టుకుని ఒక క్షణం ఆగుతారు. ఏమనుకుంటారో మేము అడగలేదు.

ఇంట్లో చర్చించుకోవడానికి

1. ఉషస్తి గింజలు తిని నీళ్ళు వద్దనడంలో తేడా ఏమిటి? మీ ఇంటి నియమాల్లో గింజలేవి, నీళ్ళేవి?
2. పెద్దవారికి బాధ కలగకూడదని మీరు దాచిన మాట ఏదైనా ఉందా? అది ఎవరి భయం?
3. మీకే అలాంటి స్థితి వస్తే మీ తరఫున ఎవరు మాట్లాడాలి? వారికి ఆ సంగతి చెప్పారా?
4. ఇప్పుడు మన సభ్యుల్లో ఎవరి ఇంట్లో రోగి ఉన్నారు? వారి తరఫున ఈ వారం మనం ఏ ఒక్క పని చేయగలం?